ప్రార్థన నూనెకి ఫోన్‌పే: 1517 నాటి గొడవతో మన ఉద్దానానికి ఏం పని?

(వీడియోలో మాట్లాడిన మాటలే, చదవడానికి వీలుగా కొంచెం సరిచేసి ఇక్కడ పెట్టాం.)

ఈసారి స్టూడియో లేదు, మైకు కూడా సరిగ్గా లేదు. వజ్రపుకొత్తూరు వైపు మా మేనమామ ఊళ్లో, ఆయన ఇంటి మేడ మీద కూర్చుని చేస్తున్నా. వెనకాల వినిపిస్తున్నది కొబ్బరాకుల చప్పుడు. 2018లో తిత్లీ తుపాను పాత చెట్లన్నీ పడగొట్టేశాక మళ్లీ వేసిన మొక్కలివి. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాయి.

ముందు మా మావయ్య సంగతి చెప్తా. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ మొదలుపెడితే, వీడు మార్టిన్ లూథర్ గురించి ఎందుకు మాట్లాడుతున్నాడా అని మీకే అనుమానం వస్తుంది.

మావయ్యకి కిడ్నీ జబ్బు. ఉద్దానం వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు, తనకెంత ఉందో పాయింట్లతో సహా చెప్తుంది. మావయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తాడు. డయాలసిస్ ఉచితమే. కానీ ఆటోకి, బయట కొనే మందులకి, టెస్టులకి డబ్బు కావాలి. జీడి పిక్కల మీద వచ్చేదే ఆయన ఆదాయం. ఎనభై కిలోల బస్తా రేటు ఎప్పుడు పడిపోతుందో ఎవరికీ తెలియదు.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు ఫోన్ నెమ్మదిగా ఉందంటే చూద్దామని తీసుకున్నా. పేమెంట్ల లిస్టు కంటపడింది. నెలనెలా రెండు వేలు, వరసగా నాలుగు నెలలు, ఒకే నంబరుకి వెళ్లాయి. ఏటిదని అడిగితే, వీడియోలో చూశాను, ప్రార్థన భాగస్వామిగా చేరితే నూనె సీసా పంపుతారు, అది రాసుకుంటే డయాలసిస్ అవసరం ఉండదన్నారు అన్నాడు. సీసా వచ్చింది. కిటికీలో పెట్టుకున్నాడు. ఆ రెండు వేలు సర్దడానికి ఒక నెల ఇంజెక్షన్లు కొనడం మానేశాడు.

నాకు కోపం వచ్చింది. అరిచేశాను కూడా. ఆయన ఒక్క మాటన్నాడు: "ఏటి తప్పురా? దేవుడికే కదా ఇచ్చినాను. నువ్వు ఇంజినీరువి కదా, నాకు నయం చేసే యాప్ ఏటైనా ఉందేటి?" నా దగ్గర జవాబు లేదు.

ఒక విషయం చెప్పేస్తా. మా అమ్మ వైపు వాళ్లు చర్చికి వెళ్తారు, నాన్న వైపు వాళ్లకి అమ్మవారి పండగ ముఖ్యం. నేను రెండు చోట్లా భోజనం చేసి పెరిగినవాణ్ణి. ఎవరి నమ్మకాన్నీ ఎక్కిరించడానికి ఈ వీడియో చేయట్లేదు. కానీ దేవుడికి ఇవ్వడం, దేవుడి పేరు చెప్పి అమ్మడం, ఈ రెండూ ఒకటేనా? ఈ ప్రశ్నని ఐదొందల ఏళ్లకు పైగా కిందట ఒకాయన అడిగాడు. మావయ్య వెళ్లే చర్చి అసలు పుట్టిందే ఆ ప్రశ్నలోంచి. అది ఆయనకీ తెలియదు, మొన్నటిదాకా నాకూ తెలియదు.

మార్టిన్ లూథర్ జర్మనీ వాడు. తండ్రి గనుల వ్యాపారం చేసేవాడు, కొడుకు లాయరు కావాలని ఖర్చుపెట్టి చదివించాడు. 1505లో దారిలో పిడుగులాంటి వాన పట్టుకుంటే, భయంతో సన్యాసిని అవుతానని మొక్కుకుని లా చదువు మానేశాడు. తండ్రి మండిపడ్డాడు. బీటెక్ చేసి, ఉద్యోగం వదిలి, కెమెరా కొనుక్కున్న నాకు ఆ సీను బాగానే అర్థమైంది. తర్వాత విటెన్‌బర్గ్ యూనివర్సిటీలో బైబిలు చెప్పే ప్రొఫెసర్ అయ్యాడు.

అప్పట్లో పాపపరిహార పత్రాలని ఉండేవి. వీటి లాజిక్ ఓపిగ్గా వినండి. దేవుడు పాపం క్షమించినా దాని తాలూకు శిక్ష కొంత మిగిలిపోతుంది, చనిపోయాక ఉత్తరించు స్థలంలో ఆ బాకీ తీర్చుకోవాలి అని బోధ. చర్చి దగ్గర పుణ్యాత్ముల పుణ్యం నిల్వ ఉంటుంది, అందులోంచి తీసి మీ బాకీ తగ్గించే అధికారం పోపుకి ఉంది అని ఇంకో బోధ. మొదట్లో దీనికి పశ్చాత్తాపం, ప్రార్థన, యాత్ర లాంటివి షరతులు. రాను రాను డబ్బు కట్టి పత్రం తీసుకుంటే చాలు అన్నట్టయింది. చచ్చిపోయిన అమ్మ పేరు మీద, నాన్న పేరు మీద కూడా కొనొచ్చు. రేటు హోదాని బట్టి.

1517లో జొహాన్ టెట్జెల్ అనే ఆయన ఆ చుట్టుపక్కల ఇవి అమ్ముతున్నాడు. రోములో సెయింట్ పీటర్ చర్చి కట్టడానికి అని జనానికి చెప్పారు. అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, ఆల్బ్రెక్ట్ అనే ఆయన ఒకటికి మించి పెద్ద బిషప్ పదవులు సంపాదించడానికి రోముకి కట్టాల్సిన డబ్బుని ఫుగ్గర్ అనే బ్యాంకు కుటుంబం దగ్గర అప్పు చేశాడు. పత్రాల మీద వచ్చిన డబ్బులో సగం ఆ అప్పుకి పోయేది. తల్లి ఆత్మ కోసమని రైతు పెట్టిన నాణెం బ్యాంకు వడ్డీ తీర్చేది. కొనేవాళ్లకి ఈ సంగతి తెలియదు. నిజానికి అప్పుడు లూథర్‌కీ పూర్తిగా తెలియదు.

1517 అక్టోబరు 31న ఆయన ఆ ఆల్బ్రెక్ట్‌కే ఉత్తరం రాసి, దానితో 95 వాక్యాలు పంపాడు. లాటిన్‌లో రాసినవి, పండితులు చర్చించుకోవడానికి. చర్చి తలుపుకి మేకులు కొట్టాడన్న కథ తర్వాత ప్రచారంలోకి వచ్చింది, సినిమాకి అది బాగుంటుంది. అసలు పని చేసింది ప్రింటింగ్ ప్రెస్. కొన్ని వారాల్లోనే వేరే వేరే ఊళ్లలో అచ్చువేసేశారు, ఆయన్ని అడక్కుండానే. మన భాషలో చెప్పాలంటే ఫార్వర్డ్ అయిపోయింది. మరుసటి ఏడాది 1518లో ఆయనే మామూలు జర్మన్‌లో, పది నిమిషాల్లో చదివేసేంత చిన్న పుస్తకం రాశాడు. అది ఇరవై సార్లకు పైగా అచ్చయింది.

ఆ 95లో నాకు నచ్చినవి దేవుడి గురించిన పెద్ద పెద్ద మాటలు కాదు, ఇంటి ఖర్చు గురించినవి. నలభై మూడు నుంచి నలభై ఆరు దాకా చూడండి. పేదవాడికి ఇవ్వడం, అవసరంలో ఉన్నవాడికి అప్పివ్వడం ఈ పత్రం కొనడం కన్నా మంచి పని అంటాడు. కళ్ల ముందు కష్టంలో ఉన్న మనిషిని దాటుకుంటూ వెళ్లి పత్రం కొన్నవాడు కొనుక్కునేది క్షమాపణ కాదు, దేవుడి కోపం అంటాడు. ఇంకోటి, ఇంట్లో అవసరానికి మించి డబ్బు లేనివాళ్లు, ఉన్నది ఇంటికే ఉంచుకోవాలి, వీటి మీద తగలేయకూడదు అని. ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మావయ్య ఇంజెక్షన్ల డబ్బు గుర్తొచ్చింది.

ఎనభై ఆరోది ఇంకా సూటిగా ఉంటుంది. పోపు అంత ధనవంతుడు కదా, చర్చి తన డబ్బుతో కట్టుకోవచ్చుగా, పేదల డబ్బు ఎందుకు అని జనం అడుగుతున్నారు అంటాడు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట. మన పక్కింటి క్యాథలిక్ ఫ్రెండ్‌ని దీనికి నిలదీయకండి. 1567లో పోప్ ఐదవ పయస్ డబ్బుతో ముడిపడిన పరిహార పత్రాలని రద్దు చేశాడు. 1999 అక్టోబరు 31న, అదే తేదీన, లూథరన్ సమాఖ్య, క్యాథలిక్ చర్చి కలిసి కూర్చుని రక్షణ గురించిన ముఖ్యమైన పాయింటు మీద ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి.

సరే, ఆయన నమ్మకం ఏంటి? ఒక్క ముక్కలో: దేవుడి దయ ఊరికే వస్తుంది, దాన్ని కొనలేం, సంపాదించలేం, నమ్మి తీసుకోవడమే. అలాగైతే మంచి పనులు ఎందుకు చేయాలి అని అప్పుడూ అడిగారు. ఆయన జవాబు నాకు తెలివైనదిగా అనిపించింది. దేవుడికి మన మంచి పనులతో అవసరం లేదు, పక్కింటివాడికి ఉంది. కాబట్టి ఆ లెక్కలు మానేసి పక్కింటివాడికి చెయ్యి అని.

సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి తెలుసు కదా? కెనడా బాప్టిస్టు మిషన్ పెట్టిన ఆసుపత్రి. అక్కడ బెన్ గల్లిసన్ అనే డాక్టరు కళ్ల ఆపరేషన్లు చేసేవారు. ఆయన కెనడా వెళ్లినప్పుడు చెప్పిన మాటలు విని, కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారవేత్త 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఇప్పుడది చాలా దేశాల్లో పనిచేస్తోంది. మొదలైంది మన సోంపేట కోసం. ఒకచోట నూనె సీసా, ఇంకోచోట శుక్లం ఆపరేషన్. ఐదొందల ఏళ్ల కిందటి ఆ వాదనలో లూథర్ ఏ పక్కన ఉన్నాడో ఇంతకన్నా సులువుగా చెప్పడం నాకు రాదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఒక మాట అర్థం మారితే ఎంత జరుగుతుందో చూడండి.

వెయ్యేళ్లకు పైగా ఐరోపాలో బైబిలంటే లాటిన్ బైబిలు. అందులో ఒకచోట యేసు చెప్పిన మాటని, ప్రాయశ్చిత్తం చేయండి అని అర్థం వచ్చేలా రాశారు. ప్రాయశ్చిత్తం అంటే ఒక పని, దానికో పద్ధతి, పద్ధతికో అధికారి, చివరికో రేటు. 1516లో ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు మూలాన్ని అచ్చువేశాడు. అక్కడున్న మాట మెటానోయా. అంటే మనసు మారడం. చేయాల్సిన పని కాదు, మారాల్సిన మనసు. లూథర్ మొదటి వాక్యమే దీని మీద.

ఇప్పుడు మన ఇంట్లో ఉన్న తెలుగు బైబిలు తీయండి. ఆ చోట ఏ మాట ఉంది? మారుమనస్సు. చిన్నప్పటి నుంచి చర్చి గోడల మీద చదివిన మాట. జర్మనీలో యుద్ధం దాకా వెళ్లిన వాదన, మన తెలుగులో ఒక్క సమాసంలో ఒదిగిపోయి కూర్చుంది.

ఇది తెలుగులోకి ఎలా వచ్చిందో కొంచెం చెప్తా. 1521లో వర్మ్స్‌లో చక్రవర్తి ముందు నిలబడి, రాసింది వెనక్కి తీసుకోనన్నాడు లూథర్. ప్రాణానికి ముప్పుంటే, వాళ్ల రాజు వార్ట్‌బర్గ్ కోటలో దాచాడు. అక్కడ దాదాపు పదకొండు వారాల్లో కొత్త నిబంధన మొత్తం జర్మన్‌లోకి దింపేశాడు. నేనైతే పదకొండు వారాల్లో ఒక డాక్యుమెంటేషన్ కూడా పూర్తిచేయలేదు. అది 1522లో వచ్చింది. ఇంట్లో తల్లి, వీధిలో పిల్లలు, సంతలో మనిషి ఎలా మాట్లాడతారో చూసి అనువాదం చేయాలన్నది ఆయన పద్ధతి. ఇంగ్లండులో విలియం టిండేల్ ఇదే పని చేశాడు. 1526లో ఆయన ఇంగ్లీషు కొత్త నిబంధన బట్టల మూటల్లో దొంగచాటుగా ఓడ దిగింది. 1536లో ఆయన్ని చంపి, శవాన్ని కాల్చేశారు. మోపిన నేరం మతద్రోహం.

తెలుగుకి మొదట పూనుకున్నది కూడా లూథరన్లే. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ 1720ల్లో, 30ల్లో మద్రాసులో కూర్చుని బైబిలుని తెలుగులోకి అనువదించాడు. రాతప్రతి జర్మనీ వెళ్లింది కానీ బైబిలుగా అచ్చు కాలేదు. తర్వాత 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే తెలుగాయన తోడు లేకపోతే వాళ్ల అనువాదం నడిచేది కాదు. 1810 అయ్యేసరికి ఆ తెల్లవాళ్లిద్దరూ చనిపోయారు. వాళ్లు చేసిన సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడ వచ్చి, అక్కణ్నించి పైకి భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట. మన పాత చర్చిల్లో చాలా వాటికి మూలం వాళ్లే. నేను బీటెక్ చదివిన నాలుగేళ్లూ టెక్కలిలోనే ఉన్నా, అక్కడి చర్చి గేటు ముందు టీ తాగేవాణ్ణి. ఈ సంగతేమీ తెలియదు.

పాటల సంగతి వదిలేస్తే అమ్మ ఊరుకోదు. లూథర్ జనం పాడుకునే భాషలో పాటలు రాశాడు, 1524కే పాటల పుస్తకాలు వచ్చాయి. మన దగ్గర పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌధరి గారు, 1803 నుంచి 1890 దాకా బతికిన మనిషి, ఆ పని చేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి, త్యాగరాజ కీర్తనల పుస్తకంలో ఉన్నట్టే.

మా అమ్మమ్మ బడికి వెళ్లలేదు. పెళ్లయ్యాక, చర్చిలో సాయంత్రం పూట నేర్పితే, బైబిలు మీద వేలు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది. ఆ తర్వాత అదే వేలితో రేషన్ కార్డు చదివింది, మందు సీసా మీద తేదీ చదివింది. లూథర్ 1524లో ఊరి పెద్దలకి ఉత్తరం రాసి, ఆడపిల్లలకి కూడా బడులు పెట్టండి అన్నాడు. ఎవరికి వారు చదవాలని చెప్పినవాడు చదువు నేర్పమని కూడా చెప్పాలి కదా.

కానీ ఒక చిక్కుంది. అమ్మమ్మకి అర్థమైన ఆ తెలుగు మా తమ్ముడికి అర్థం కాదు. చేయుడి, పోవుడి, యొద్దకు, వలన. సంతలో ఎవరు మాట్లాడతారండీ ఇలా? మనిషి మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన జిల్లా వారే, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. భాష దూరమైపోతే మళ్లీ మధ్యలో ఒకడు వచ్చి కూర్చుంటాడు, నేను చెప్తా విను అని. ఇప్పుడు ఆ మధ్యలో వాడు రీల్స్‌లో ఉన్నాడు.

మధ్యవర్తి అనే మాట వచ్చింది కాబట్టి, లూథర్ 1520లో రాసింది ఒకటి చెప్పాలి. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు, ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే అందరూ దేవుడి ముందు యాజకులే అన్నాడు. అంటే పాస్టరుది ఒక పని, ఒక బాధ్యత. ఆయనకి దేవుడి దగ్గర ప్రత్యేకమైన లైను ఏమీ లేదు. ఈ ఒక్క మాట మన దేశంలో, కులం ఉన్న చోట, ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఆచరణలో మన చర్చిల్లో కూడా కులం పోయిందా అంటే, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కనపడుతుంది. దానికి వేరే ఎపిసోడ్ చేస్తా.

ఇంతవరకు విని లూథర్ ఫ్యాన్ క్లబ్ పెట్టేయకండి. అసలు ఇబ్బంది ఇక్కడుంది.

1525లో జర్మనీ రైతులు ఈ మాటలు విని, పన్నెండు డిమాండ్లు రాసుకున్నారు. మా పాస్టర్ని మేమే ఎన్నుకుంటాం, వెట్టి వద్దు, అడవిలో కట్టె, ఏటిలో చేప అందరిదీ అని. సోంపేట బీల కోసం నిలబడ్డవాళ్లకి ఈ లిస్టు కొత్తగా అనిపించదు. లూథర్ మొదట రెండు పక్షాలకీ సర్దిచెప్పి, తిరుగుబాటు హింసగా మారాక రైతుల్ని అణచేయమని రాజులకి చాలా ఘోరంగా రాశాడు. వేలకి వేలమంది చచ్చిపోయారు. ముసలితనంలో, 1543లో, యూదుల మీద ఆయన రాసింది చదివితే కడుపులో తిప్పుతుంది.

జ్యూరిక్‌లో ఇంకో కథ. అక్కడి సంస్కర్త జ్వింగ్లీ. ఆయన శిష్యుల్లో కొందరు, పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం బైబిల్లో ఎక్కడుంది, నమ్మకం ఎవరికి వారు ఎంచుకోవాలి కదా అన్నారు. 1525 జనవరి 21న పెద్దవాళ్లుగా మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. మీరే చదువుకోండి అని నేర్పిన ఊరే, చదివి వేరే సమాధానం చెప్పినందుకు, 1527 జనవరి 5న ఫెలిక్స్ మంజ్ అనే కుర్రాణ్ణి నదిలో ముంచి చంపింది. నీళ్ల గురించి వాదించాడు కాబట్టి నీళ్లలోనే. మన ఉద్దానంలో చెరువులోనో సముద్రంలోనో దిగి, పెద్దయ్యాక, తన ఇష్టంతో బాప్తిస్మం తీసుకుంటారు చూడండి, ఆ పద్ధతి కోసం ఒకప్పుడు జనం ప్రాణాలు ఇచ్చారు. బాప్టిస్టులు నేరుగా మంజ్ వారసులు కాదు, 1609 ప్రాంతంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లతో వాళ్ల చరిత్ర మొదలవుతుంది. కానీ అడిగిన ప్రశ్న అదే.

కాబట్టి నేను లూథర్ నుంచి తీసుకుంటున్నది లూథర్‌ని కాదు. అసలు ఎక్కడ రాసుంది చూపించు, డబ్బు ఎటు పోతోంది చెప్పు, ఈ రెండు ప్రశ్నల్ని. లూథర్ మీద కూడా ఇవే వేయాలి. నూనె సీసా మీదా, తాయెత్తు మీదా, జాతకం యాప్ మీదా, పొద్దున్నే కిడ్నీకి పచ్చిరసం మంచిదని మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చే ఫార్వర్డ్ మీదా కూడా వేయాలి. ఆ పచ్చిరసాలు కొన్నింటితో పొటాషియం పెరిగి డయాలసిస్ పేషెంటుకి గుండె ఆగే ప్రమాదం ఉంది, డాక్టర్ని అడక్కుండా తాగకండి.

మళ్లీ మావయ్య దగ్గరికి. అరవడం మానేసి, ఒక సాయంత్రం ఆ నాలుగు వాక్యాల సారం తెలుగులో చెప్పాను. ఇల్లు చూసుకో, పక్కనున్న పేదవాణ్ణి చూడు, తర్వాత మిగతావి అన్నది. ఎవరన్నారు ఇది అని అడిగాడు. మీ చర్చిలు మొదలుపెట్టిన పెద్దాయన అన్నా. కాసేపు ఊరుకుని, "మరి ఆ నంబరోడికి తెలీదేటి ఇది?" అన్నాడు. మర్నాడు ఆయనే ఊరి పాస్టరు గారిని అడిగాడు. ఆ పాస్టరు గారు సైకిలు మీద తిరిగే మనిషి. ప్రార్థన చేస్తాను, దానికి డబ్బు లేదు, ఇంజెక్షన్ మానొద్దు అన్నారట. ఆదివారం బైబిల్లోంచి, దేవుడి వరాన్ని డబ్బిచ్చి కొనబోయిన సీమోను కథ చదివించారు, అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం. అమ్మమ్మ ఆ పేజీలో చింతాకు గుర్తు పెట్టుకుంది.

నంబరు బ్లాక్ చేశాం. రెండు రోజులకి వేరే నంబరు నుంచి ఫోన్ వచ్చింది, ఆగిపోయిన కానుక గురించి. మావయ్యే ఎత్తి, "రసీదు పంపండి, డబ్బు ఎటెళ్లిందో రాసి పంపండి" అన్నాడు. అవతల పెట్టేశారు. నూనె సీసా ఇంకా కిటికీలోనే ఉంది, పారేయడానికి ఒప్పుకోలేదు, నేను కూడా పట్టుబట్టలేదు. రేపు డయాలసిస్ రోజు, ఐదు గంటలకి ఆటో వస్తుంది. కాబట్టి ఇక్కడ ఆపేస్తున్నా. మీ ఇళ్లలో ఇలాంటి నంబర్లకి డబ్బు వెళ్తుంటే కామెంట్లో చెప్పండి, పేర్లు రాయకండి.